ఫ్లోరైడ్ నీటికి కొత్త వడపోత: రంధ్రాలు నిండితే చూసేదెవరు?

నల్లగొండ: బోరునీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే కొత్తరకం పదార్థాలపై దేశ విదేశాల ప్రయోగశాలల్లో పరిశోధనలు సాగుతున్నాయి. కంటికి కనిపించని సన్నని రంధ్రాలు లెక్కకు మిక్కిలిగా ఉండే వీటిని శాస్త్రజ్ఞులు మీసోపోరస్ పదార్థాలు అంటున్నారు. ఫ్లోరైడ్ నీటితో తరాల తరబడి నడుములు వంగిన జిల్లాకు ఇది ఆశ కలిగించే విషయమే. అయితే పదార్థం ఎంత మేలైనదైనా, ఊళ్లో దాని బాగోగులు చూసేవారు లేకుంటే ఫలితం దక్కదు.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంతకుమించి ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో మరింత చిక్కబడుతుంది.

దీనికి విరుగుడుగా 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని రూపొందించింది. అది ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి'గా పేరు పొందింది. ఆ తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్లు వచ్చాయి. పేరు జిల్లాదే అయినా, నిర్వహణ కరవై ఇలాంటి యూనిట్లు చాలాచోట్ల మూలపడ్డాయి.

గ్రాములో పది గుంటలు

ఈ గుళికలు పనిచేసే తీరు గుడ్డతో వడగట్టడం వంటిది కాదు. నీరు గుళికలోని రంధ్రాల గుండా పారేటప్పుడు ఫ్లోరైడ్ వాటి గోడలకు అంటుకుపోతుంది. గోడల విస్తీర్ణం ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్ పడుతుంది. ఒక గ్రాము అల్యూమినాలోని గోడలన్నీ పరిస్తే రెండు మూడు గుంటల నేల అవుతుంది. కొత్తరకం మీసోపోరస్ సిలికాలో అదే గ్రాముకు పది గుంటల దాకా వస్తుంది. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ రంధ్రాల వెడల్పు 2 నుంచి 50 నానోమీటర్లు.

ఇంత సన్నని రంధ్రాలను ఒకే వరుసలో, తేనెపట్టు గదుల్లా తయారుచేసే విధానాన్ని అమెరికాలోని మొబిల్ చమురు కంపెనీ శాస్త్రజ్ఞులు 1992లో ప్రకటించారు. సబ్బు వంటి పదార్థాన్ని నీటిలో కలిపితే అది సన్నని కడ్డీల్లా గుమిగూడుతుంది. వాటి చుట్టూ సిలికా గట్టిపడ్డాక 500 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. మైనపు బొమ్మపై మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగిపోయి ఖాళీ మిగిలినట్లే, సబ్బు కాలిపోయి రంధ్రాలు మిగులుతాయి.

వట్టి సిలికాకు ఫ్లోరైడ్‌ను పట్టే గుణం తక్కువ. అందుకే రంధ్రాల గోడలకు అల్యూమినియం, జిర్కోనియం వంటి లోహాలను జోడిస్తున్నారు. ఇందుకు కావలసిన సిలికాను ఊకబూడిద నుంచి తీయవచ్చని కూడా పరిశోధనల్లో రుజువైంది. మిర్యాలగూడ రైసు మిల్లుల వంటివి ఉన్న జిల్లాలో ముడిసరుకుకు కొదవలేదు. అయితే ఆ సబ్బు పదార్థం, కాల్చే ఖర్చు కలిసి ధర పెరుగుతోంది.

అసలు చిక్కు ఇక్కడే

ప్రయోగశాలలో శుద్ధమైన నీటిలో వచ్చే ఫలితం ఊరి బోరునీటిలో రాదు. మన నీటిలోని క్షారగుణం, బైకార్బనేట్లు ఫ్లోరైడ్‌తో పోటీపడి రంధ్రాల గోడలను ఆక్రమిస్తాయి. గోడలు నిండాక ఫిల్టరు నుంచి వచ్చే నీటి రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. పరీక్షించి చూస్తే తప్ప ఫిల్టరు పని ముగిసిందని తెలియదు. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి గుళికలను మళ్లీ వాడుకోవచ్చు. ఆ కడిగిన నీటిలో ఫ్లోరైడ్ చిక్కగా ఉంటుంది. దాన్ని కాలువలోకి వదిలితే ఊరి నీటిలో తీసిన విషాన్ని ఊరి నేలకే పోసినట్లు అవుతుంది. ఆర్వో ప్లాంట్ల నుంచి వచ్చే వ్యర్థజలానికీ ఇదే మాట వర్తిస్తుంది.

మిషన్ భగీరథ ద్వారా కృష్ణాజలాలు వచ్చాక జిల్లా చాలావరకు తెరిపిన పడింది. రాష్ట్రంలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నాకు చేరిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అంతమాత్రాన భూగర్భంలోని నీరు మారలేదు. పైపులైను మరమ్మతుకు వచ్చిన రోజున, చేలో దాహమైనప్పుడు జనం మళ్లీ బోరునే ఆశ్రయించాలి. కనుక ఫిల్టర్ల అవసరం పూర్తిగా తీరిపోలేదు.

కొత్త పదార్థం వచ్చిందని ఎవరైనా యంత్రం బిగించడానికి ముందుకొస్తే, గ్రామస్థులు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. గుళికలు ఎన్ని బిందెల నీటికి పనిచేస్తాయి? నీటి పరీక్ష ఎవరు, ఎన్నాళ్లకోసారి చేస్తారు? కడిగిన నీటిని ఎక్కడ పోస్తారు? వీటికి జవాబు రాతపూర్వకంగా తీసుకుని, చివరిసారి పరీక్ష జరిగిన తేదీని, ఫ్లోరైడ్ అంకెను ప్లాంటు గోడపై రాయించే బాధ్యత పంచాయతీలు స్వీకరించాలి. యంత్రానికి నిధులిచ్చేవారు, గుళికలు మార్చే ఖర్చును కూడా అదే పద్దులో చేర్చవలసిన అవసరం ఎంతైనా ఉంది.