అశ్వపోషణ విద్య

గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని తెలుగువారి సామెత. పనికిరాని జంతువునకు పెట్టవలసివచ్చెనే యను విసుగు అందు ధ్వనించుచున్నది. అయినను ఆ మాటలో ఒక ధర్మము కూడ నిమిడియున్నది. మనుష్యుడు సాలలో కట్టివేసిన జంతువు తన మేతను తాను వెదకుకొనజాలదు. దాని యాకలికి కట్టినవాడే బాధ్యుడు. ఆ బాధ్యతను నెరవేర్చుటకు ప్రేమ యొక్కటియే చాలదు; విద్య కావలయును.

హైదరాబాదు నగరమునకు పడమట రాయదుర్గము కలదు. కొండబండల నడుమ వెలసిన ఈ ప్రాంతము నేడు అద్దాల మేడలతో నిండియున్నది. సమీపమున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2019లో మెట్రో రైలు రాయదుర్గము వఱకు వచ్చినది. ఇచట పెరుగు బాలబాలికలకు ఉద్యోగమనగా కంప్యూటరు ముందు కూర్చుండుటయే యని తోచుట సహజము. జీవశాస్త్రమునందు అభిరుచిగల బాలిక గుఱ్ఱముల మేతను గూర్చి చదివెదనన్నచో, గడ్డి వేయుటకు చదువెందుకని కొందఱు పెద్దలు నవ్వుదురు. ఆ ప్రశ్నకు సమాధానము గుఱ్ఱము కడుపులోనే యున్నది.

ఆవు, గేదె నెమరువేయును. వాని కడుపులోని మొదటి గది పెద్దతొట్టివలె మేతను నిలువచేసికొనును. గుఱ్ఱము నెమరువేయదు. అంత పెద్ద జంతువునకును జీర్ణాశయము సుమారు 8 మొదలు 15 లీటర్లు పట్టునంతటిది మాత్రమే. కావున బయట తిరుగు గుఱ్ఱము దినములో అధికభాగము కొంచెము కొంచెముగ మేయుచునే యుండును. గడ్డిలోని పీచును పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి శక్తిగ మార్చును. యజమాని దయతలచి ఒక్కమాఱుగ గింజలు మెండుగ పెట్టినచో, జీర్ణముకాని పిండిపదార్థము పెద్దప్రేగును చేరి ఆమ్లమును పుట్టించును. దానివలన శూల కలుగును. గిట్టలలోని పొరలు వాచి అడుగు వేయుటయే కష్టమగును. పైగా గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. తిన్న దోషమును వెలికి నెట్టు మార్గము దానికి లేదు.

ఇంకొక వింత గలదు. మొనెన్సిన్ అను మందును కోళ్లకు వ్యాధి రాకుండ దాణాలో కలుపుట కలదు. ఆ దాణా పొరపాటున గుఱ్ఱమునకు పెట్టినచో, కోడికి మేలుచేసిన ఆ మందే గుఱ్ఱము గుండెను దెబ్బతీసి ప్రాణము తీయగలదు. మేత వేయుటకు చదువెందుకని నవ్వువారు ఈ సంగతి నాలోచింపవలయును.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుని పేరు ప్రాచీనకాలమునుండి ప్రసిద్ధము. మన పూర్వులు ఉలవలను నానబెట్టి, యుడికించి, గుగ్గిళ్లుగ గుఱ్ఱములకు పెట్టెడివారు. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థములు కలవనియు, ఉడికించుటచే అవి తగ్గుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. సైసు అనుభవమునకును ప్రయోగశాల పరీక్షకును విరోధము లేదు. హర్యానాలోని హిసార్‌లో 1985లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రము ఏర్పడినది. అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ గుఱ్ఱముల పోషకావసరములను లెక్కగట్టి ప్రచురించిన గ్రంథము 2007లో ఆఱవ కూర్పు పొందినది.

ఈ మార్గమున పోదలచినవారు ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదువవలయును. పిమ్మట పశువైద్య పట్టమునకు, ఆచరణ శిక్షణతో కూడ, ఐదున్నర సంవత్సరములు పట్టును. ఆపై పశుపోషణశాస్త్రమున ఉన్నతవిద్య నభ్యసింపవచ్చును. 1946లో ప్రారంభమైన హైదరాబాదు పశువైద్య కళాశాల నేడు రాజేంద్రనగరమున నున్నది. అది రాయదుర్గమునకు దూరము కాదు. తిరుపతిలోను 1955నుండి పశువైద్య కళాశాల కలదు.

గుఱ్ఱములు నానాటికి తగ్గుచుండగా ఈ విద్యకు బ్రతుకుతెరువెక్కడిదని యొక ఆక్షేపణ. అది పూర్తిగ త్రోసివేయదగినది కాదు. ఈ వృత్తి ఇఱుకైనదే. పందెములు జరుగుచున్న మలక్‌పేటవంటి చోట్లను, సైన్యమునందును, పోలీసు అశ్వదళములందును, స్వారి నేర్పు శాలలయందును మాత్రమే గుఱ్ఱములు మిక్కిలిగ నుండును. అయినను పశుపోషణశాస్త్రము నేర్చినవాడు గుఱ్ఱమునకే కట్టుబడియుండడు. పాడిపశువులకు, గొఱ్ఱెలకు, కోళ్లకు సమతులమైన దాణా కూర్చుటకును ఆ విద్యయే యాధారము. ఏ గింజ యెంత, ఏ లవణ మెంత యని లెక్కగట్టుటకు నేడు కంప్యూటరు కూడ సాధనమైనది. కావున రాయదుర్గపు మేడలలోని నేర్పునకును గుఱ్ఱపుసాలలోని పనికిని వైరము లేదు.

పదిమంది పోవు దారి యని యొక వృత్తిని ఎన్నుకొనుట తగదు. పదిమంది పోని దారి యని తిరస్కరించుటయు తగదు. తన అభిరుచి యేది, దానికి వలయు శ్రమ యెంత, దానివలన ఎవరికి మేలు కలుగునను మూడు ప్రశ్నలను విద్యార్థి తనకు తాను వేసికొనవలయును. మూగజీవి తన నొప్పిని మాటలతో చెప్పజాలదు. చెప్పకున్నను తెలిసికొనగలవాడు దానికి కావలయును. అట్టివానిని తయారుచేయు విద్యను చిన్నచూపు చూడరాదు.