కంఠంలోని నాలుగు మార్గాలు

దైవం మానవునికి ఎంత సమీపంలో ఉన్నాడో తెలియజేస్తూ దివ్య ఖుర్ఆన్ ‘ఖాఫ్’ సూరా 16వ ఆయత్‌లో కంఠనాళాన్ని ప్రస్తావించింది. మనకు అంత దగ్గరగా ఉన్న ఆ కంఠంలోని రక్తనాళాల గురించి మనకు తెలిసింది మాత్రం స్వల్పమే. ఈ నెల వాటిని పరిశీలిద్దాం.

మెదడుకు రక్తాన్ని చేరవేసే ప్రధాన ధమనులు మెడలో నాలుగు ఉన్నాయి. ముందువైపు కుడి, ఎడమల కరోటిడ్ ధమనులు రెండు. వెనుకవైపు మెడ వెన్నుపూసల రంధ్రాల గుండా పైకి సాగే వెర్టిబ్రల్ ధమనులు రెండు. కరోటిడ్ ధమని గొంతుముడి పైఅంచు సమీపంలో రెండుగా చీలుతుంది. వెలుపలి శాఖ ముఖానికి, నాలుకకు, తలచర్మానికి రక్తం అందిస్తుంది. లోపలి శాఖ మెడలో ఎక్కడా కొమ్మలు వేయకుండా కపాలంలో ప్రవేశించి కంటినీ, మెదడునూ పోషిస్తుంది.

ఈ ధమనికి అరబ్బీ వైద్యభాషలో ‘షిర్యాన్ సుబాతీ’ అని పేరు. ‘సుబాత్’ అంటే నిద్ర వంటి స్తబ్ధత. గ్రీకు మూలం నుండి వచ్చిన ‘కరోటిడ్’ అన్న పేరుకూ ఇంచుమించు అదే అర్థం. రెండువైపులా నొక్కితే మనిషి స్పృహ తప్పుతాడని పూర్వులు గ్రహించారు. కనుక మెడ వద్ద నాడి చూసేటప్పుడు ఒకవైపే, మృదువుగా చూడాలి. పిల్లలు ఆటకైనా ఒకరి మెడ ఒకరు నొక్కకుండా పెద్దలు వారించాలి.

ధమని చీలే ఆ చోటనే కొవ్వు పేరుకునే అవకాశం ఎక్కువ. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలో అధిక కొలెస్ట్రాల్ ఇందుకు దోహదం చేస్తాయి. అక్కడ ఏర్పడిన గడ్డ తునక కొట్టుకుపోయి మెదడులోని నాళానికి అడ్డుపడితే పక్షవాతం వస్తుంది.

అయితే కొన్నిసార్లు ముందే హెచ్చరిక అందుతుంది. వుజూ చేస్తుండగా నాన్నగారి చేతిలోని చెంబు జారిపడుతుంది. మాట తడబడుతుంది. లేదా ఒక కంటికి తెర దించినట్లు చీకటి కమ్ముతుంది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. “నీరసం, ఏమీ లేదులే” అని ఆయన అంటారు. మనమూ ఊరట చెందుతాం. పొరపాటు జరిగేది ఇక్కడే. తగ్గిపోయిన లక్షణం తొలగిపోయిన ప్రమాదం కాదు. అసలు పక్షవాతం తరువాతి కొద్ది గంటల్లో గానీ, రోజుల్లో గానీ రావచ్చు.

అందుచేత తెల్లవారే వరకు వేచి ఉండకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుంచుకుని వైద్యునికి చెప్పాలి. ఎందుకంటే పక్షవాతంలో గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. మెడ ధమని ఎంత ఇరుకైందో అల్ట్రాసౌండ్ పరీక్ష ద్వారా తెలుస్తుంది. అవసరమైతే శస్త్రచికిత్స ద్వారా ఆ అడ్డును తొలగిస్తారు.

శరీరం మనకు అప్పగించబడిన అమానత్. తల్లిదండ్రులు “ఏమీ లేదులే” అన్నప్పుడు ఆ మాటను నమ్మి ఊరుకోవడం సేవ కాదు. వారిని సకాలంలో వైద్యుని వద్దకు చేర్చడమే సేవ.