అడవి అంచున ఆగిపోవు చదువులు

భద్రాచలమనగానే తెలుగువారికి శ్రీరామనవమి కల్యాణము, రామదాసు చెరసాల జ్ఞప్తికి వచ్చును. గుడి దర్శించి, గోదావరిలో మునిగి, పర్ణశాల చూచి తిరిగిపోవు యాత్రికునికి ఆ పైనున్న దారితో పని యుండదు. పర్ణశాల తరువాత కూడ బస్సు పోవుచున్నది. చర్ల మీదుగా వెంకటాపురము వైపు సాగు ఆ దారికి ఒక ప్రక్క గోదావరి, మరొక ప్రక్క అడవి. ఆ అడవిలో ఎక్కడనో తెలంగాణము ముగిసి ఛత్తీసుగఢము మొదలగును. నడచిపోవువానికి సరిహద్దు కానరాదు. కానవచ్చునవి ఇప్పచెట్లు, తునికి పొదలు, నడుమ నడుమ పోడు చెక్కలు.

ఈ అంచున పుట్టిన ఆడపిల్ల డిగ్రీ పూర్తి చేయుట ఎట్లు? ఒకప్పుడు ఈ ప్రశ్నకు, కాలేజీ దూరము, హాస్టలు లేదు అని సమాధానము చెప్పెడివారు. నేడు ఆ సమాధానము చాలదు. 2016లో తెలంగాణ ప్రభుత్వము సాంఘిక సంక్షేమ గురుకులముల పక్షమున బాలికల కొరకు 30 డిగ్రీ కళాశాలలను ఒక్కుమ్మడిగా తెరచినది. మరుసటి సంవత్సరము గిరిజన సంక్షేమ గురుకులములును అదే బాట పట్టినవి. ఖమ్మము, కొత్తగూడెములలో ఇట్టి కళాశాలలు నడచుచున్నవి. భద్రాచలములో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉండనే యున్నది. అన్నము, గది, పుస్తకము సమకూర్చి చదువు చెప్పించుట చిన్న పని కాదు, మెచ్చుకొనవలసినదే. కాని చేరుట వేరు, నిలుచుట వేరు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పిల్ల మరల రాదు. రిజిస్టరులో ఆమె పేరునకు ఎదురుగా మానివేసినట్లు ఒక్క ముక్క పడును. ఆ ముక్క వ్రాసిన గుమాస్తాను తప్పు పట్ట నక్కరలేదు. కారణము వ్రాయుటకు ఆ పుస్తకమున గడి లేదు.

కారణము తెలియవలెనన్నచో ఈ అంచున ఇరువదేండ్లుగా జరిగిన దానిని తలచుకొనవలెను. 2005లో ఛత్తీసుగఢములోని దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం తలయెత్తినది. మావోయిస్టులకు ఎదురుగా ఆదివాసులనే కూడగట్టి, వారి చేతికే తుపాకులిచ్చి నిలిపిన ఏర్పాటది. ఒక వంక జుడుం, ఒక వంక దళములు. నడుమ ఊళ్లు కాలినవి. ప్రాణములు అరచేత పట్టుకొని వేలాది కుటుంబములు నాటి ఖమ్మము జిల్లా అడవులలోనికి దాటివచ్చి గుడిసెలు వేసికొన్నవి. తెలుగు పత్రికలు గుత్తికోయలని వ్రాయుచున్నది వీరినే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధములిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. తీర్పు వచ్చినది గాని కాలిన ఇల్లు మరల లేవలేదు. నాడు తల్లి చంకన దాటివచ్చిన పసిబిడ్డకు నేడు డిగ్రీ చదువు ఈడు.

యుద్ధము వలననే మనసు గాయపడుననుకొనుట పొరపాటు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 1986 నాటి 75 అడుగుల వరద తరువాత అంత నీరు మరల రాలేదు. గుడిసె పోయినవానికి కొన్నాళ్లు బియ్యము, టార్పాలిను అందును. తన ఇల్లు నీటిలో కలియుట చూచిన పిల్లకు రాత్రులు నిద్ర పట్టకపోవుటను ఏ సహాయపు పట్టికలోను చేర్చరు. 2014లో పోలవరము నిమిత్తము ఏడు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు, భద్రాచలము పట్టణము తెలంగాణములో మిగిలి, చుట్టుప్రక్కల ఊళ్లు అవతలి రాష్ట్రమునకు చేరినవి. కూనవరము, చింతూరు పిల్లలకు నిన్నటివరకు తమ ఊరివలె నుండిన పట్టణము పరరాష్ట్రమైనది. వీటికి తోడు పదునాల్గవ ఏటనే పెండ్లి మాటలు, తాగివచ్చిన తండ్రి చేతి దెబ్బలు, బయటికి చెప్పుకొనరాని అవమానములు. ఈ చివరివి అడవికే పరిమితములైనవి కావు, నగరములలోను కలవు. అడవిలో వినువారు తక్కువ, అంతే తేడా.

మిరప తోటల సంగతి వేరుగా చెప్పవలెను. మాఘము మొదలు ఎండలు ముదురువరకు గోదావరి తీరమున ఎఱ్ఱని కాయ కోతకు వచ్చును. సరిహద్దు అవతలినుండి, ఇవతలి గూడెములనుండి కూలీలు కదలుదురు. వారిలో బడి ఈడు ఆడపిల్లలును ఉందురు. 2020 ఏప్రిలులో లాక్‌డౌను కాలమున ములుగు జిల్లా మిరప తోటలనుండి కాలినడకన ఇంటికి బయలుదేరిన ఒక పండ్రెండేళ్ల బాలిక, మూడు దినములు అడవిదారిని నడచి, ఇల్లు చేరకముందే కూలి మరణించినది. వార్త దేశమంతట వినవచ్చినది, కొన్నాళ్లకు మరుగుపడినది. ఆమెతో ఒకే వరుసలో కాయ కోసిన పిల్లలు నేడు ఇంటరు, డిగ్రీ ఈడు వారు.

ఇట్టి పిల్ల తరగతి గదిలో కూర్చుండినప్పుడు ఏమి జరుగును? తలుపు దబ్బున పడినచో ఉలికిపడును. అధ్యాపకుడు పేరు పెట్టి పిలిచినచో నోట మాట రాదు. రాత్రి నిద్ర లేనందున పగలు తల వాల్చును. చదివిన పుట మరల చదివినను మనసున నిలువదు. చూచువారికి ఆమె మొద్దుగా, లేదా పొగరుగా కనబడును. భయమును అణచుకొనుటకే బుద్ధిబలమంతయు వ్యయమగుచున్నదని, పాఠమునకు మిగులునది కొంచెమేనని వారికి తోచదు. అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథమున ఇట్టి గాయములు మానుటను మూడు మెట్లుగా చెప్పినారు. మొదటిది భద్రత. జరిగినదానిని తలచుకొని దుఃఖించుట రెండవది. తోటి మనుష్యులతో మరల కలియుట మూడవది. మొదటి మెట్టు లేనిదే తక్కినవి లేవు. రాత్రి ఎవరును తలుపు తట్టని గది, రేపు కూడ ఇదే మంచము తనదను నమ్మకము, ఇవియే మొదటి మందు. 'ముందు కోలుకొనుము, పిదప చదువుదువు గాని' యనుట హితవుగా వినబడును గాని, చదువు మాన్పించినచో ఆమె మరల ఆ గాయము తగిలిన చోటికే పోవలసియుండును. గంట కొట్టగానే లేచుట, తోడివారితో పంక్తిలో భోజనము, వారము వారము పరీక్ష - ఈ క్రమమే చెదరిన మనసునకు ఊతకఱ్ఱ వంటిది.

తెలుగునాట ఈ మాట కొత్త కాదు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదవ ఏటనే పెండ్లి చేసినారు. ఈడు వచ్చిన పిదప ఆమె ఆ పెండ్లిని కాదని నిలిచినది. ఉప్పు సత్యాగ్రహమున జైలుకు పోయినది. మదురై జైలులో ఏకాంతవాసము ఆమె ఆరోగ్యమును చెరచినది. బయటికి వచ్చిన తరువాత రాజకీయములను ప్రక్కనబెట్టి ఆమె పట్టినది పుస్తకము. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్ష ముగించి, బి.ఏ. కొరకు వాల్తేరునకు పోగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకు హాస్టలు లేదన్న అడ్డంకి వచ్చినది. ఆమె వెనుకకు రాలేదు. తనవలె చదువగోరు పిల్లలను కూడగట్టి, తామే వసతి ఏర్పరచుకొని, తలుపు తెరిపించినది. తరువాత స్థాపించిన ఆంధ్ర మహిళాసభలో, నడుమ చదువాగిన స్త్రీలను అదే కాశీ పరీక్షకు తయారు చేయించినది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో ప్రారంభించిన సంక్షిప్త విద్యా తరగతులు చదువు తప్పిన వయోజన స్త్రీలకొరకే. విధవలు, భర్త విడిచినవారు, ఇంట చోటులేనివారు ఆ తరగతులకు వచ్చినారు. వారిని ఎవరును రోగులుగా చూడలేదు, విద్యార్థినులుగా చూచినారు. గది, చదువు, తోడు - ఈ మూడును ఒకే కప్పు క్రింద ఉండవలెనని దుర్గాబాయి గ్రహించినది. నేటి గురుకులములో మొదటి రెండును ఉన్నవి. మూడవది వార్డెను ఓపికను బట్టి యున్నది.

గుత్తికోయ పిల్లకు మొదటి రెండు కూడ అందుట కష్టము. దానికి అడ్డు ఒక కాగితము. ఛత్తీసుగఢములో ఆమె తెగ షెడ్యూల్డు తెగ, తెలంగాణములో కాదు. ఒక రాష్ట్రమున గిరిజనుడైనవాడు మరొక రాష్ట్రమునకు పోయినచో ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసున తేల్చినది. వ్యాజ్యము తెచ్చినవాడు బొంబాయిలో వైద్యవిద్య చదువగోరిన తెలుగు విద్యార్థి యగుట గమనింపదగినది. తగిన శాసనమును గూర్చి పార్లమెంటు యోచింపవలెనని ఆ తీర్పే సూచించినది. ముప్పదేండ్లు గడచినను ఆ యోచన ఫలింపలేదు. సర్టిఫికెట్టు లేనిదే గిరిజన కోటా సీటు లేదు, విద్యార్థి వేతనము లేదు. పదవ తరగతి వరకు దయగల ఉపాధ్యాయుడు ఎట్లో నెట్టుకొని రావచ్చును. డిగ్రీ దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉండరాదు. పైగా భయము కూడ కలదు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలమున ఒక అటవీ రేంజి అధికారి పోడు తగాదాలో హత్యకు గురియైనాడు. అది ఘోరమే, దోషులకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసినది. కాని ఆ తరువాత గుత్తికోయలందరిని పంపివేయవలెనన్న కేక లేచి, పంచాయతీ తీర్మానము వరకు వచ్చినది. నేరము చేసినవారు ఇద్దరు; పుస్తకములు సర్దుకొని సిద్ధముగా నుండవలసినవారు వందలు. రేపు ఈ ఊరిలో ఉందుమో లేదో తెలియని పిల్లకు మూడేండ్ల డిగ్రీ చాల దీర్ఘమైన కాలము.

సర్టిఫికెట్టు ఉన్న కోయ, కొండరెడ్డి పిల్లలకు ఆ చిక్కు లేదు. వారి చిక్కు వినువారు లేకుండుట. మన దేశమున లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనను లేడు, లెక్క 0.75 అని చెప్పుదురు. ఆ ముప్పాతిక వైద్యుడును నగరములోనే ఉండును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము 14416 అను టెలిఫోను సహాయమును ఏర్పాటు చేసినది, మంచిదే. ఐనను అడవిలో సిగ్నలు అందవలెను, ఇరువురితో పంచుకొను గదిలో గొంతు విప్పవలెను, తల్లితో మాటలాడు భాష ఒకటైనప్పుడు తన దుఃఖమును మరొక భాషలో కూర్చుకొని చెప్పవలెను. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున ఇట్టి కొఱతయే కలిగినప్పుడు డిక్సన్ చిబాండా అను వైద్యుడు 2006లో ఒక ఉపాయము పన్నినాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు నీడన బల్ల వేసి, కొంత శిక్షణ ఇచ్చిన ముసలమ్మలను కూర్చుండబెట్టినాడు. వారు రోగము పేర్లు చెప్పరు. 'అతిగా ఆలోచించుట' అని తమ షోనా భాషలోని మాటనే వాడుదురు. వచ్చినవారి మాట ఓపికగా విని, మొదట ఏ ఒక్క చిక్కు విప్పవచ్చునో కలిసి వెదకుదురు. పరీక్షించి చూడగా, మామూలు వైద్యము పొందినవారికంటె బల్లపై కూర్చుండి మాటలాడినవారే ఎక్కువ తేరుకొన్నట్లు 2016లో అమెరికా వైద్య సంఘ పత్రిక ప్రకటించినది.

భద్రాచలము ఏజెన్సీలో అట్టి బల్లపై కూర్చుండదగినవారు లేరా? ఉన్నారు. గూడెములో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, ఉపాధ్యాయినులైన కోయ స్త్రీలు ఉన్నారు. హాస్టలు పిల్లకు 'అక్కా' అని పిలుచుటకు, తన భాషలో ఏడ్చుటకు తగిన మనిషి ఆమెయే. ఐతే ఈ ఉపాధ్యాయినుల వరుస కూడ మునుపటి వలె పెరుగునను నమ్మకము లేదు. ఏజెన్సీ పాఠశాలల ఉపాధ్యాయ పదవులను స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 సంవత్సరపు మూడవ నంబరు జీ.వో.ను 2020 ఏప్రిలు 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. నూటికి నూరు కేటాయింపు సమానత్వమునకు విరుద్ధమన్నది న్యాయమూర్తుల అభిప్రాయము. న్యాయశాస్త్రము మాట ఎట్లున్నను, గూడెమున దాని ఫలము వేరు. చదివినచో అదిగో ఆ టీచరమ్మవలె కావచ్చునని తల్లికి చూపుటకు పిల్లకు ఉన్న ఒక్క ఉదాహరణ అది. కూతురిని మిరప కోతకు పంపక మూడేండ్లు ఆగుమని తల్లిని ఒప్పించునది ఆ ఉదాహరణమే గాని గోడమీది నినాదము కాదు.

వేసవి మాట మిగిలియున్నది. సంవత్సరాంతపు పరీక్షలు ముగియగానే హాస్టళ్లు మూయుట రివాజు. ఇల్లున్న పిల్లలు ఇంటికి పోవుదురు. ఏ ఇంటనుండి తప్పించుకొని వచ్చినదో ఆ ఇంటికే కొందరు పోవలసివచ్చును; పెండ్లి ముహూర్తములును ఆ నెలలలోనే. మే నెలలో తునికాకు. తెల్లవారకముందే అడవికి పోయి, కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లమునకు చేర్చి లెక్క చెప్పించుకొనవలెను. ఆ డబ్బుతో సంసారము కొన్నాళ్లు గడచును. ఆ పని పిల్లకు అవమానమేమియు కాదు. అవమానము, ప్రమాదము ఉన్నది దాని తరువాత వచ్చు మాటలో: 'ఇక చాలు, నిలిచిపొమ్ము' అని. ఖమ్మములో గాని కొత్తగూడెములో గాని ఒక్క హాస్టలును, అందులో ఒక్క వరుస గదులను, వేసవి రెండు నెలలు తెరచియుంచి, ఒక వంటమనిషిని, ఒక కోయ టీచరమ్మను నిలుపుటకు ఎంత ఖర్చగునో సంక్షేమ శాఖవారు ఒక సాయంత్రమున లెక్క కట్టగలరు. జూను నెల హాజరుపట్టీలో ఖాళీగా మిగులు పేర్లెన్నో అంతకు ముందే లెక్కించి చూచినచో, ఆ గదులెన్ని కావలెనో కూడ తెలియును.