ఫ్యాషన్, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ కోర్సులపై విద్యామండలి తీర్మానం

వచ్చే విద్యా సంవత్సరం నుంచి బీబీఏలో ఫ్యాషన్ మేనేజ్‌మెంట్, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ కోర్సులు ప్రారంభించాలని యాజమాన్యం పంపిన ప్రతిపాదనను యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ స్వయంప్రతిపత్తి డిగ్రీ కళాశాల విద్యామండలి పరిశీలించింది. ముసాయిదా సిలబస్‌నూ, అడ్మిషన్ల కోసం సిద్ధం చేసిన కరపత్రాన్నీ సభ్యులు చదివారు. ఒక్క అంశంపై భిన్నాభిప్రాయం మినహా ఈ కింది తీర్మానాన్ని అందరూ ఆమోదించారు.

ఈ రెండు కోర్సులకూ కావలసిన పని మన జిల్లాలోనే ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పట్టేస్తుంటే చూడలేక 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసిన చింతకింది మల్లేశం మన ఆలేరు ప్రాంతంవారే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయినా మా ముందుకొచ్చిన ముసాయిదాలో మొదటి మూడు సెమిస్టర్లూ పారిస్, మిలాన్ చుట్టూనే తిరిగాయి. ఆసు ప్రస్తావన ఎక్కడా లేదు. పారిస్ గురించి చెప్పొద్దని మండలి అనడం లేదు. ముందు పిల్లల్ని పోచంపల్లి బస్సెక్కించమంటోంది.

ఇక్కత్ డిజైన్ మగ్గం మీద పుట్టదు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కబెట్టి, ఆ లెక్క ప్రకారం నూలుకు చిటికీలు కట్టి, అద్ది, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కట్టి, ఆ తర్వాతే నేతకు ఎక్కిస్తారు. పుట్టపాక రుమాలుకైతే పడుగుకూ పేకకూ రెండింటికీ ఈ తంతు తప్పదు. కట్టడంలో లెక్క తప్పితే మగ్గం మీద దిద్దుకునే వీలుండదు. కంప్యూటర్‌లో ముచ్చటగా గీసిన బొమ్మకు ఎన్ని చిటికీలు పడతాయో, ఒక రంగు పెంచితే ఎంత పని పెరుగుతుందో తెలియని విద్యార్థి చీరకు ధర కట్టలేడు. ధర కట్టడం రానివాడు చివరికి నేత కూలి దగ్గరే బేరానికి దిగుతాడు. ఇది ఊహించి అంటున్న మాట కాదు, మండలిలోని చేనేత కుటుంబాల సభ్యులు అనుభవంతో చెప్పినది.

ఆస్పత్రుల సంగతికి వస్తే, బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లోనే ఎంబీబీఎస్ తొలి బ్యాచ్ చేరింది. హైదరాబాద్ ఆస్పత్రులు ఎంతో దూరం లేవు. ఆస్పత్రిలో పని ఎలా నడుస్తుందో మాత్రం ముసాయిదాలో కనిపించదు. రోగిని ఇంటికి పంపొచ్చని డాక్టర్ పొద్దున రౌండ్లలోనే చెప్పేస్తారు. అప్పటి నుంచి కేస్‌షీట్ నర్సింగ్ స్టేషన్ దాటాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగి పోవాలి, ల్యాబ్ పరీక్షల ఖర్చు బిల్లులో చేరాలి, డిశ్చార్జి సమ్మరీపై సంతకం పడాలి, ఇన్సూరెన్స్ వాళ్లు వేసిన క్వెరీకి జవాబు వెళ్లాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా అటెండెంట్లు సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటర్ దగ్గరే నిలబడాలి. ఆ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని క్యాజువాలిటీలో ఇంకో కుటుంబం ఎదురుచూస్తుంటుంది. ఏ కాగితం ఎక్కడ ఆగిందో కనిపెట్టి కదిలించడం వస్తే ఈ కోర్సు సగం వచ్చినట్టే. ముసాయిదాలో నాయకత్వ సిద్ధాంతాలకు నాలుగు యూనిట్లు ఇచ్చారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్లెయిమ్ ఎలా నడుస్తుందో ఒక్క పేజీ కూడా లేదు.

పై విషయాలను దృష్టిలో పెట్టుకుని ఈ విధంగా తీర్మానించడమైనది:

1. రెండు కోర్సులకూ సూత్రప్రాయంగా ఆమోదం తెలపడమైనది.

2. ఫ్యాషన్ కోర్సు మొదటి సెమిస్టర్ నూలు, అద్దకం, మగ్గంతో మొదలుకావాలి. ప్రతి విద్యార్థీ ఒక చీర ఖర్చు పట్టీని నూలు కొనుగోలు నుంచి దుకాణం మార్జిన్ దాకా స్వయంగా రాయాలి. అందులో నేత కూలిని విడిగా చూపాలి. గుడ్డ తిరగేసి చూసి నేసిన ఇక్కత్ ఏదో, ప్రింటు వేసిన నకలు ఏదో చెప్పగలగాలి. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టాన్ని ఈ పాఠంతోనే కలిపి చెప్పాలి.

3. చిటికీ కట్టేవారిని, నేతకారులను వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పి పంపడం చాలదు. టైంటేబుల్‌లో వారికి పీరియడ్లు ఉండాలి, పీరియడ్‌కు అతిథి అధ్యాపకులతో సమానంగా గౌరవ వేతనం ఇవ్వాలి. డిగ్రీ లేదన్న అభ్యంతరం చెల్లదు. అనుభవజ్ఞులను ప్రాక్టీస్ ప్రొఫెసర్లుగా తీసుకునే వీలును యూజీసీయే 2022లో కల్పించింది.

4. హెల్త్‌కేర్ విద్యార్థులు ఓపీ, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్, మెడికల్ రికార్డుల విభాగం, స్టోర్స్‌లో వంతులవారీగా పనిచేయాలి. జీవవైద్య వ్యర్థాల 2016 నియమాల ప్రకారం ఏ రంగు డబ్బాలో ఏది వేయాలో వార్డులోకి అడుగుపెట్టే ముందే నేర్చుకోవాలి. కేస్‌షీట్లను ఫోన్‌లో ఫొటో తీస్తే శిక్షణ అక్కడితో రద్దు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, మనం మినహాయింపు కాదు.

5. ఖాతాల నిర్వహణ, స్టాకు లెక్కలు, ఎక్సెల్ రెండు కోర్సులకూ ఉమ్మడి పేపర్. దీనికి తోడు తెలుగు పేపర్ ఒకటి ఉండాలి. అది వ్యాకరణం కోసం కాదు. బిల్లులో ఉన్నదాన్ని, అంగీకార పత్రంలో ఉన్నదాన్ని పల్లె నుంచి వచ్చిన పెద్దమనిషికి అర్థమయ్యేలా, విసుక్కోకుండా చెప్పడం కోసం.

6. కరపత్రాన్ని తిరిగి రాయాలి. హెల్త్‌కేర్ కోర్సు బొమ్మలో విద్యార్థిని మెడలో స్టెతస్కోప్ ఉంది, దాన్ని తీసేయాలి. ఈ కోర్సు చదివినవారు నర్సులూ కారు, ల్యాబ్ టెక్నీషియన్లూ కారు. తొలి ఉద్యోగం ఫ్రంట్ ఆఫీసులోనో, బిల్లింగ్‌లోనో, దుకాణం స్టాకు దగ్గరో, బయ్యింగ్ హౌస్‌లో సహాయకుడిగానో మొదలవుతుందని స్పష్టంగా రాయాలి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న మాట వాడరాదు. డిజైనర్ కావాలనుకునేవారికి 1995 నుంచి హైదరాబాద్‌లో నడుస్తున్న నిఫ్ట్ గురించి, పైచదువు కోరేవారికి నిమ్స్‌లోని ఆస్పత్రి నిర్వహణ పీజీ గురించి చెప్పాలి. అది విని మన సీటు వదులుకుని వెళ్లేవారుంటే వెళ్లనివ్వాలి.

7. ఆస్పత్రితో ఒప్పందం కుదిరేదాకా హెల్త్‌కేర్ కోర్సును ఏడాది వాయిదా వేయాలని ఒక సభ్యురాలు కోరారు. వాయిదాకు మండలి అంగీకరించలేదు గాని, ఆమె సందేహం సబబేనని భావించింది. అందువల్ల కనీసం ఒక ఆస్పత్రితో రాతపూర్వక ఒప్పందం జరిగాకే ఆ కోర్సు అడ్మిషన్లు తెరవాలి. శిక్షణ పేరుతో విద్యార్థులను జీతం లేని గుమాస్తాలుగా వాడుకోకూడదని అందులో ఒక షరతు ఉండాలి.

ఈ తీర్మానం ప్రతులను యాజమాన్యానికి, పరీక్షల విభాగానికి, రెండు కోర్సుల పాఠ్యప్రణాళికా సంఘాలకు పంపాలి. సవరించిన సిలబస్ తిరిగి మండలి ముందుకు వచ్చేదాకా కరపత్రాన్ని అచ్చుకు ఇవ్వరాదు.