పిల్లికీ పాలసీ కావాలా?

మారేడుపల్లి, తార్నాక ఫ్లాట్లలో పిల్లిని పెంచుకునేవారికి ఇప్పుడో కొత్త ప్రశ్న... దానికి బీమా చేయించాలా? పాడిపశువులకు, కుక్కలకు మన దేశంలో బీమా పాతదే. పిల్లులకు ఈమధ్యే వచ్చింది.

సంతకం పెట్టేముందు షరతులు చదవాలి. పాత జబ్బులకు, టీకాలకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు సాధారణంగా డబ్బు రాదు. వయోపరిమితి ఉంటుంది. మొదట కొన్నాళ్లు క్లెయిమ్‌ కుదరదు.

అయితే గండుపిల్లికి మూత్రం ఆగిపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. బాల్కనీలోంచి పడితే ఎముకలు విరగొచ్చు. పాలసీ ఉన్నా చాలాసార్లు బిల్లు ముందు యజమానే కట్టి, తర్వాత రాబట్టుకోవాలి.

అంటే, చేతిలో కొంత డబ్బు ఎలాగూ ఉండాల్సిందే. నెలనెలా విడిగా దాచగలిగితే అదే మొదటి బీమా. కట్టింది తిరిగొస్తే తప్ప నెగ్గుకు రాలేమనుకునేవారు పాలసీ తీసుకోవచ్చు. టీకాలు మాత్రం ఎవరూ మానకూడదు.