గాలి వచ్చే దారి

వేసవి సాయంత్రాల్లో డాబా మీద నీళ్లు చల్లడం ఒకప్పుడు ఇంట్లో పిల్లల పని. మొదటి బకెట్టు పడగానే గచ్చు సుయ్‌మని ఆవిరి చిమ్మేది. పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నామన్న సంబరం ఎంతున్నా, మే నెల రాత్రి ఆ శ్లాబు కింద పడుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. చాపలు, దిళ్లు, మరచెంబు పట్టుకుని అందరూ పైకి చేరేవారు. ఉండటానికి కట్టుకున్న ఇల్లు కిందుంటే, నిద్ర మాత్రం దాని నెత్తి మీద!

బల్లపరుపు కప్పు, నగిషీ లేని నున్నటి గోడ, కిటికీ మీద సన్‌షేడ్... ఇవన్నీ చాలా దూరం ప్రయాణించి మన ఊళ్లకు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్‌లో కొందరు ఆర్కిటెక్టులు ఇంటి గురించి మొదటి నుంచీ ఆలోచించడం మొదలుపెట్టారు. మనిషికి కావలసింది వెలుతురు, గాలి, శుభ్రత. కోటల్లోని అలంకారాలు మామూలు కుటుంబానికి ఎందుకన్నారు. అప్పటికే కాంక్రీటు చేతికి అందింది. బరువంతా స్తంభాలే మోస్తుంటే గోడకు ఆ చాకిరీ తప్పింది. కిటికీ ఎంత వెడల్పుగా కావాలంటే అంత పెట్టుకోవచ్చు. వాళ్లలో బాగా పేరుపడ్డ లె కార్బూజియే ఇంటిని యంత్రంతో పోల్చాడు. మాట కాస్త కరుకుగా వినిపిస్తుంది గానీ, పనికొచ్చే ఇల్లు అందరికీ దక్కాలన్న ఆశ దాని వెనక ఉంది.

ఆ ఆశ మన ఎండకు తగ్గట్టు ఎలా ఒదిగిందో చూడాలంటే పుదుచ్చేరి వెళ్లాలి. అక్కడ శ్రీ అరవిందాశ్రమంలో సాధకుల కోసం కట్టిన వసతి గృహం ఒకటుంది. పేరు గోల్కొండ్. నిజాం సంస్థానంలో ప్రధానిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో అందిన విరాళంతో అది లేచింది. ఆ కృతజ్ఞతే పేరులో నిలిచింది. లోపల నేల మీద పరిచినవి కూడా మన కడప బండలే.

దాన్ని రూపొందించింది ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు. పుట్టింది చెక్ ప్రాంతంలో, స్థిరపడింది టోక్యోలో. అతని దగ్గర పనిచేసే జార్జ్ నకషిమా అనే జపనీస్ అమెరికన్ యువకుడు, లె కార్బూజియే దగ్గర పని నేర్చిన ఫ్రాంటిషెక్ సామర్ 1930ల చివర్లో పుదుచ్చేరిలో ఉండి పని చూసుకున్నారు. అందరూ పరాయి వాళ్లే. అయినా మన వేసవిని అర్థం చేసుకున్నారు.

భవనం పొడుగాటి ముఖాలు రెండూ ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. గోడ ఉండాల్సిన చోట ఈ చివర నుంచి ఆ చివరిదాకా అడ్డంగా పేర్చిన సిమెంటు రెక్కలు. లోపలి నుంచే వాటిని తెరవచ్చు, మూయచ్చు. గదికీ నడవకీ మధ్య టేకు పలకల జారుడు తలుపు. పలకల మధ్య సందులుంటాయి కనుక తలుపు వేసుకున్నా గాలి ఆగదు. లోపల ఉన్న మనిషి ఏకాంతం ఆ మనిషికే ఉంటుంది. ఇక శ్లాబు మీద, గొడుగు పట్టినట్టు, వంపు తిరిగిన కాంక్రీటు పలకలు పరిచారు. ఎండ వాటి మీద పడుతుంది. కింద సందులోంచి గాలి వేడిని మోసుకుపోతుంది. డాబా కింద ఉడికిపోయిన మనకు ఆ కాస్త సందు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

పని ఏళ్ల తరబడి సాగింది. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఆశ్రమవాసులూ పని నేర్చుకుంటూ చేశారు. భక్తులు ఇచ్చిన ఇత్తడి పాత్రలు కరిగించి తలుపులకు కావలసిన సామాను పోతపోసుకున్నారు. ఏ ఇల్లాలో పసుపు కుంకాలతో తెచ్చుకున్న బిందె ఏ గది గడియ అయిందో! నకషిమా కొన్నాళ్లకు జీతం వద్దని, తానూ ఆశ్రమవాసి అయిపోయాడు. తర్వాత అమెరికా వెళ్లి కొయ్యపనిలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాతి తరంలో చార్లెస్ కొరియా, బాలకృష్ణ దోషి లాంటి మన ఆర్కిటెక్టులు ఎండనూ నీడనూ లెక్కలో పెట్టుకుని కాంక్రీటు వాడారు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ కార్యాలయాన్ని కొరియా గీస్తే, దాని ఉద్యోగుల ఇళ్లు దోషి గీశారు. కానీ మన వీధుల్లోకి వచ్చేసరికి శ్లాబు ముందొచ్చింది, దాని మీద గొడుగు వెనకబడిపోయింది.

అందుకు ఎవరినని ఏం అనగలం? ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు. చేతిలో ఉన్న డబ్బు, మేస్త్రీకి తెలిసిన కొలతలు, పిల్ల పెళ్లిలోగా గృహప్రవేశం అయిపోవాలన్న ఆదుర్దా. ఇన్నిటి మధ్య గాలి ఎటునుంచి వీస్తుందో చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? వాన కారని కప్పు, చెద పట్టని దూలం దొరికితే చాలనుకున్న తరం అది. వాళ్లకు డాబా నిజంగానే పెద్ద నెమ్మది.

గోల్కొండ్ గురించి తలచుకున్నప్పుడల్లా కట్టినవాళ్ల కంటే అందులో ఉండేవాళ్లే ఎక్కువ గుర్తొస్తారు. అక్కడ అద్దాల కిటికీలు లేవు. జల్లు కొడితే ఎవరో ఒకరు లేచి రెక్కలు మూయాలి, వెలిశాక మళ్లీ తెరవాలి. బండలు రోజూ తుడవాలి. ఆ ఇల్లు తనలో ఉండేవాళ్ల చేత చిన్న చిన్న పనులు చేయించుకుంటూ, పొద్దు ఎటు తిరిగిందో, తేమ ఎప్పుడు పెరిగిందో వాళ్లకు తెలిసేలా చేస్తుంది. మంచి ఇల్లు మనిషిని మారుస్తుందని ఆనాటి ఆర్కిటెక్టులు నమ్మారు. అంత పెద్ద మార్పు సంగతి ఎలా ఉన్నా, ఈపాటి ఎరుక మాత్రం ఇల్లు ఇవ్వగలదు.

దీనికి పుదుచ్చేరిలోనే ఉండాలనేం లేదు. అద్దె ఫ్లాటులోనైనా తెల్లవారుజామున ఎదురెదురు కిటికీలు తీసిపెడితే, ఏ మూల చల్లగా ఉంటుందో, మంచం ఎక్కడికి జరిపితే హాయో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. మనలో చాలామందిమి ఆ పరిశోధన కరెంటు పోయిన పూటే మొదలుపెడతాం. ఉన్న పూట చేసినా కాదనేవారెవరూ లేరు.