మలివయసు మతికి రెండో భాష అండ: హైదరాబాద్ పరిశోధన దీవులకు చెప్పేదేమిటి?

శ్రీ విజయపురంలోని డెలానీపూర్ వంటి పేటల్లో ఇంట తెలుగు, బజారులో హిందీ, ఇరుగుపొరుగుతో బెంగాలీయో తమిళమో మాట్లాడే పెద్దలు ఎందరో ఉన్నారు. అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళ భాషల తరువాతి స్థానం వారిదే. బతుకుతెరువు కోసం నేర్చిన ఆ పరభాష మలివయసులో మెదడుకు అండగా నిలవగలదని చెప్పిన పరిశోధన మన హైదరాబాద్‌లోనే జరిగింది.

నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో నాడీవైద్య నిపుణురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా సోకిన 648 మంది వివరాలను పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసిన వారికంటే వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకుడు థామస్ బాక్ కూడా పాలుపంచుకున్న ఈ అధ్యయనం 2013 నవంబరులో 'న్యూరాలజీ' పత్రికలో వెలువడింది.

ద్విభాషా ప్రయోజనం గురించి కెనడాలోని టొరంటోలో అంతకుముందే అధ్యయనాలు జరిగాయి. అయితే అక్కడ రెండు భాషలవారిలో పలువురు వలస వచ్చినవారు. అందువల్ల ఫలితం భాషదా, వలస జీవితానిదా అనే సందేహం మిగిలింది. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపించడం తరతరాల వాడుక. వలసతో దానికి నిమిత్తం లేదు. చదువే అసలు కారణమా అన్న ప్రశ్నకూ ఇక్కడ సమాధానం లభించింది. చదవడం, రాయడం రానివారిలోనూ ద్విభాషులకు లక్షణాలు ఆరేళ్లు ఆలస్యమయ్యాయి. రెండింటికి మించి భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభం మాత్రం కనబడలేదు. పక్షవాతం వచ్చిన 608 మందిపై అదే బృందం జరిపి 2016లో ప్రచురించిన మరో అధ్యయనంలో, మేధాశక్తి చెక్కుచెదరనివారు ద్విభాషుల్లో 40.5 శాతం కాగా, ఏకభాషుల్లో 19.6 శాతమే.

సందర్భాన్ని బట్టి ఒక భాషను అదుపులో ఉంచి మరో భాషను పలికించడం మెదడుకు నిత్యసాధన వంటిదని పరిశోధకుల అభిప్రాయం. అయినా దీన్ని రక్షాకవచమని భావించడం పొరపాటు. ఇవి ఆసుపత్రికి వచ్చిన రోగుల వివరాలపై ఆధారపడిన అధ్యయనాలు. పరభాష వ్యాధి లక్షణాలను వాయిదా వేయవచ్చునే గాని, వ్యాధిని రాకుండా ఆపుతుందని అవి చెప్పలేదు. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, ధూమపానం, ఒంటరితనం, కుంగుబాటు వంటి 14 కారణాలను అదుపు చేయగలిగితే ప్రపంచవ్యాప్తంగా 45 శాతం దాకా డిమెన్షియాను నివారించవచ్చునని లేదా ఆలస్యం చేయవచ్చునని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది.

దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నట్లు 2023లో ప్రచురితమైన అంచనా. ఇంతటి సమస్యకు మన ఇళ్లలో తరచు లభించే సమాధానం 'పెద్దతనం కదా, చాదస్తం' అన్న మాట. ఆ మాట వెనుక నయం చేయదగిన సమస్యలూ మరుగున పడిపోతాయి. కుంగుబాటు, థైరాయిడ్ లోపం, విటమిన్ బి 12 కొరత కూడా వృద్ధుల్లో మతిమరుపు రూపంలో బయటపడవచ్చు.

దీవుల విషయంలో మరో చిక్కు ఉంది. జ్ఞాపకశక్తిని కొలిచేది ప్రధానంగా ప్రశ్నోత్తరాల ద్వారానే. వ్యాధి ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష ముందుగా సడలి, మాతృభాషే మిగిలే సందర్భాలుంటాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధురాలిని హిందీలో ప్రశ్నిస్తే, ఆమె మౌనం వ్యాధికి గుర్తో, భాషకు గుర్తో తేల్చడం కష్టం. ఈ అవసరాన్ని గుర్తించే భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళ భాషల్లో పరీక్షా సాధనాలను రూపొందింపజేసింది. వాటిలో మూడు భాషలు దీవుల్లో విస్తృతంగా వినిపించేవే. నిపుణుల కోసం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని చెన్నైకో కోల్‌కతాకో వెళ్లవలసివచ్చే కుటుంబాలకు, తొలిపరీక్ష ఇక్కడే, తమ భాషలోనే జరగడం ఎంతో ఊరట.

ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారే కాక, రోగిని చూసుకుంటూ అలసిన కుటుంబసభ్యులు కూడా దీన్ని సంప్రదించవచ్చు. పెద్దలతో వారి భాషలో రోజూ కాసేపు మాట్లాడటానికి మాత్రం ఏ పథకం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. మాటల్లో వచ్చే మార్పును ముందుగా పసిగట్టగలిగేదీ ఇంటివారే.